ముప్పై ఆరో గదా, తాగుబోతు గురువా: ఈ రాత్రికి ఏ కుంగ్‌ఫూ సినిమా?

మా తమ్ముడి కొడుకు ఆ మధ్య ఒక శనివారం సాయంత్రం హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. "పెద్దనాన్నా, పాత కుంగ్‌ఫూ సినిమా ఒకటి చూద్దామనుకుంటున్నాం. 'థర్టీ సిక్స్‌త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్' అని కొందరు తెగ పొగుడుతున్నారు. కొందరేమో సగంలో నిద్రపోయామంటున్నారు. పెట్టమంటావా, వద్దంటావా?"

"ఎంతమంది ఉన్నార్రా?" అన్నాను. నలుగురన్నాడు. "అయితే ఇవాళ అది వద్దు, 'డ్రంకెన్ మాస్టర్' పెట్టుకోండి. ఆ 'ఛాంబర్' నువ్వొక్కడివే ఉన్నప్పుడు చూడు" అన్నాను. వాడికి నచ్చలేదు. నాకు ఇష్టమైన సినిమా ఆ 'ఛాంబరే'నని వాడికి తెలుసు మరి. ఫోన్లో అంతా విడమరిచి చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

'ముప్పై ఆరో గది', అదే ఆ 'థర్టీ సిక్స్‌త్ ఛాంబర్', 1978లో వచ్చింది. హాంకాంగ్‌లో షా బ్రదర్స్ వాళ్లు తీశారు. దర్శకుడు లౌ కార్ లియంగ్, హీరో గోర్డన్ లియూ. చూసినవాళ్లు దీని గురించి ఏమంటారో వరసగా వింటూ పోతే ఒక తమాషా కనిపిస్తుంది. "ఇలాంటి సినిమా మళ్లీ రాలేదు" అనేవాళ్లూ, "మధ్యలో ఫార్వర్డ్ కొట్టేశాను" అనేవాళ్లూ మాట్లాడేది ఒకే గంట గురించి. ఆ గంట మీకు పడుతుందా లేదా అన్నది ముందే తేల్చుకుంటే మిగతా గొడవ ఉండదు.

కథ చాలా మామూలుది. చైనాలో మంచూ రాజుల పాలన, కాంటన్ నగరం. ఒక విద్యార్థి తన గురువుతో కలిసి తిరుగుబాటుదారులకు సాయపడుతుంటాడు. సైన్యానికి తెలిసిపోయి అయినవాళ్లందరినీ చంపేస్తారు. కుర్రాడు గాయాలతో పారిపోయి, కుంగ్‌ఫూకు పేరుపడ్డ షావోలిన్ బౌద్ధ మఠం చేరతాడు, సాన్ తే అనే పేరుతో సన్యాసి అవుతాడు. ఇక్కడిదాకా ఎన్నో సినిమాల్లో చూసిందే. మామూలుగా అయితే ఆ తర్వాత హీరో కసరత్తు చేస్తున్నట్టు నాలుగు షాట్లు వేసి, "కొన్నేళ్ల తర్వాత" అని కార్డు పెట్టి, పగ తీర్చుకోవడానికి పంపించేస్తారు. లౌ కార్ లియంగ్ ఆ కొన్నేళ్ల దగ్గరే సినిమాను కూర్చోబెట్టాడు.

మఠంలో శిక్షణకు ముప్పై అయిదు గదులున్నాయి (ముప్పై ఆరోది ఏదో సినిమాయే చెబుతుంది). ఎక్కడ మొదలుపెడతావని అడిగితే మనవాడు కుర్రతనం కొద్దీ అన్నిటికన్నా పై గది అంటాడు. అక్కడ సన్యాసులు మంత్రాలు చదువుకుంటూ కూర్చుని ఉంటారు. లోపల అడుగుపెట్టిన కాసేపటికే ఎవరూ చెయ్యి వేయకుండానే ఎగిరి అవతల పడతాడు. నోరు మూసుకుని కింది గదికి వస్తాడు. అక్కడ పరీక్ష, అన్నానికి వెళ్లడం. భోజనశాల గుమ్మం ముందు నీళ్లు, నీళ్లలో తేలుతున్న కట్టెల మోపు. దాని మీద కాలు ఆనీ ఆనకుండా అవతలికి దూకాలి. మనవాడు దబ్బున నీళ్లలో పడతాడు. తడిబట్టలతో లోపలికి రానివ్వరు, ఆరబెట్టుకుని వచ్చేసరికి వేళ దాటిపోతుంది. ఆకలితో ఉన్నవాడికి ఇంతకంటే పెద్ద గురువు అక్కర్లేదు. రాత్రిపూట ఒంటరిగా వచ్చి దూకి దూకి నేర్చుకుంటాడు.

తర్వాత నీళ్లు మోయడం. రెండు చేతులూ పక్కలకు బారచాచి, చెరో చేత్తో నిండు బకెట్ పట్టుకుని ఏటవాలు ఎక్కాలి. డొక్కల వైపు మొన ఉండేలా చేతులకు కత్తులు కట్టి ఉంటాయి. చెయ్యి కిందికి జారిందా, మొన డొక్కలో దిగుతుంది. నేను ఈ సీన్ చూసిన ప్రతిసారీ నా భుజాలు నాకు తెలియకుండానే బిగుసుకుంటాయి. ఇంకో గదిలో పొడుగాటి వెదురు గడ చివర బరువైన సుత్తి కట్టి, ఈ చివర పట్టుకుని గంట కొట్టాలి. పక్కనున్న సన్యాసి వేసే తాళం తప్పకూడదు. కళ్ల గదిలో అయితే రెండు చెంపల పక్కనా పెద్ద పెద్ద అగరొత్తులు వెలుగుతుంటాయి. తల తిప్పకుండా కళ్లతోనే ఊగే దీపాన్ని వెంబడించాలి. తల తిప్పితే చెంప కాలుతుంది.

మీకు ఇక్కడిదాకా చదవడానికే విసుగొచ్చిందా? అయితే ఆ సినిమా మీది కాదు, మొహమాటపడకండి. "తర్వాతి గదిలో ఏముంది?" అనిపించిందా? ఇంకేమీ ఆలోచించకుండా పెట్టేయండి.

నన్నడిగితే ఆ గంటలో ఒక్క నిమిషం కూడా దండగ లేదు. ప్రతి గదిలోనూ అదే వరస. ముందు పడతాడు, కిటుకు కనిపెడతాడు, తర్వాత అది ఒంటికి పట్టేస్తుంది. సైకిల్ నేర్చుకునేటప్పుడు మోకాళ్లు చీరుకుపోయిన ఎవరికైనా ఇది తెలిసిన సంగతే. ఇక చివర్లో రెండు పొట్టి కత్తులున్న పెద్ద సన్యాసి చేతిలో ఓడి ఓడి, వెదురు తోపులో కర్ర తిప్పుతూ తిప్పుతూ, మూడు ముక్కలను గొలుసులతో కలిపిన కర్రను కనిపెట్టే ఘట్టం ఉంది. దసరాకో పీర్ల పండక్కో మన ఊళ్లలో కర్రసాము చూస్తూ పెరిగినవాళ్లకు ఆ ఒక్క సీన్ కోసమైనా ఈ సినిమా చూపించాలి.

తిట్టేవాళ్ల మాటలో నిజం ఉన్న చోటూ ఒకటుంది. మఠం దాటి బయటికొచ్చాక సినిమాకు రైలు అందుకోవాలన్నంత తొందర. శిష్యులను పోగుచేసుకోవడం, మంచూ సైన్యపు జనరల్‌తో ఆఖరి పోరాటం, అన్నీ గబగబా అయిపోతాయి. జనరల్‌గా వేసిన లో లీ తక్కువవాడేం కాదు. 1972లో షా బ్రదర్స్ వాళ్లదే 'కింగ్ బాక్సర్'లో హీరో ఆయన. అంతటివాణ్ని పెట్టుకుని క్లైమాక్స్ చప్పగా తేల్చేశారనే ఫిర్యాదు న్యాయమైనదే. హీరోయిన్ లేదు, నవ్వు తక్కువ అనేవాళ్లతో కూడా నేను వాదించను. "సెట్లు సెట్లలాగే ఉన్నాయి, అసలు షావోలిన్ కాదు" అనేవాళ్లకు మాత్రం ఒక మాట. అసలు గుడి చైనాలోని హెనాన్‌లో ఉంది, ఇది హాంకాంగ్ స్టూడియో సినిమా. నిజమైన గుడి ప్రాంగణమే కావాలనుకుంటే జెట్ లీ మొదటి సినిమా 'షావోలిన్ టెంపుల్' ఉంది, 1982లో వచ్చింది. ప్రకృతి, గుడి, ఎగిరే వూషూ (చైనా యుద్ధవిద్య) అన్నీ అందులో ఉంటాయి. ఆ సంతృప్తి వేరు.

తాగుబోతు గురువు సంగతి

'డ్రంకెన్ మాస్టర్' కూడా 1978లోనే వచ్చింది. అందులోనూ శిక్షణే ఉంది, అక్కడా గురువు శిష్యుణ్ని పిండి పిప్పి చేస్తాడు. నిడివి కూడా ఇంచుమించు అంతే, రెండూ రెండు గంటల్లోపే. కానీ ఒక ఇంట్లో పూజ, పక్కింట్లో పెళ్లి సందడి అన్నంత తేడా.

ఇరవై నాలుగేళ్ల జాకీ చాన్ ఇందులో వాంగ్ ఫెయి హంగ్‌గా వేశాడు. అల్లరి చిల్లరగా తిరిగే కుర్రాడు, తండ్రి పెద్ద కుంగ్‌ఫూ గురువు. తప్పు చేసినందుకు తండ్రి వేయించే శిక్ష చూస్తే మన బళ్లో గోడకుర్చీ గుర్తొస్తుంది, గోడ లేకుండా వేస్తే ఎలా ఉంటుందో అలా. కొడుకు మారేలా లేడని, శిష్యుల ఎముకలు విరగ్గొడతాడని పేరున్న బిచ్చగాడు సో చేతికి అప్పగిస్తాడు. ఆ ముసలి తాగుబోతు వీణ్ని తలకిందులుగా వేలాడదీసి, కింద బకెట్లలోని నీళ్లను చిన్న గిన్నెలతో ముంచి, ఒంటిని పైకి లేపి పై కుండలో పోయమంటాడు. సాన్ తే కత్తులు కట్టుకుని బకెట్లు మోస్తుంటే మనం ఊపిరి బిగబడతాం. ఇక్కడ జాకీ మొహం చూసి పడీ పడీ నవ్వుతాం. పని చూస్తే రెండు చోట్లా నీళ్లు మోయడమే.

ఆ తర్వాత తాగుబోతు ఎనిమిది దేవతల భంగిమలు నేర్పిస్తాడు గురువు. ఏడు నేర్చుకుంటాడు. ఎనిమిదోది హో అనే దేవత, అది ఆడవాళ్ల నడకని సిగ్గుపడి ఎగ్గొడతాడు. పరీక్షకు సరిగ్గా చదవని పాఠమే వచ్చినట్టు, క్లైమాక్స్‌లో ఆ ఎనిమిదోదే కావాల్సి వస్తుంది. అప్పటికప్పుడు సొంతంగా ఏదో అల్లుకుంటాడు. ఆ రెండు నిమిషాలు నేనెన్నిసార్లు చూశానో లెక్కలేదు. విలన్‌గా వేసిన హువాంగ్ జాంగ్ లీ కాళ్లు చూస్తే మాత్రం నవ్వు రాదు. ఆయన తన్నులు చూశాక మిగతా సినిమాల్లో తన్నులు బద్ధకంగా అనిపిస్తాయి.

దీని మీద వచ్చే ఫిర్యాదులు వేరే రకం. మోటు హాస్యం, మొదటి అరగంట ఒకదానికొకటి సంబంధం లేని తగాదాలు, మొహాలు వంకర్లు తిప్పడం ఎక్కువ. నిజమే. గంభీరంగా కూర్చునేవాళ్లకు మొదటి అరగంట కష్టం. నలుగురు కూర్చుని పకోడీలు తింటూ చూస్తే అదే అరగంట ఇట్టే గడిచిపోతుంది.

ఈ రెండు సినిమాల వెనక ఉన్న కుటుంబాల కథ తెలిస్తే చూడటంలో రుచి పెరుగుతుంది, అందుకే చెబుతున్నాను. వాంగ్ ఫెయి హంగ్ కల్పితం కాదు, కాంటన్ ప్రాంతంలో నిజంగా బతికిన వైద్యుడు, యుద్ధవిద్యా గురువు. ఆయన శిష్యుడు లామ్ సాయి వింగ్. లామ్ శిష్యుడు లౌ చామ్. ఆ లౌ చామ్ కొడుకే 'ముప్పై ఆరో గది' దర్శకుడు లౌ కార్ లియంగ్. అంటే ఆయనకు కుంగ్‌ఫూ సినిమా కోసం నేర్చుకున్న విద్య కాదు, ఇంటి విద్య. అటు 'డ్రంకెన్ మాస్టర్' దర్శకుడు యువెన్ వూ పింగ్. అందులో తాగుబోతు గురువుగా వేసిన ముసలాయన ఆయన కన్నతండ్రే. ఒకరు ఇంటి విద్యను నియమంగా, భక్తిగా చూపిస్తే, ఇంకొకరు అదే గురుపరంపర మూలపురుషుణ్ని ఆకతాయి కుర్రాడిగా మార్చి అందరినీ నవ్వించారు. అదీ ఒకే ఏడాదిలో! 1994లో 'డ్రంకెన్ మాస్టర్' రెండో భాగానికి వచ్చేసరికి దర్శకుడి కుర్చీలో కూర్చున్నది లౌ కార్ లియంగే. ఆయనకూ జాకీకి పొసగక, ఆఖరి పోరాటం జాకీ సొంతంగా చూసుకున్నాడు. పద్ధతి, కొంటెతనం ఒకే ఒరలో ఇమడలేదన్నమాట.

మరి బ్రూస్ లీ?

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. కరాటే క్లాసు గోడ మీద బొమ్మ చూసి పెరిగినవాళ్లకు కుంగ్‌ఫూ అంటే ఆయనే. 'ఎంటర్ ది డ్రాగన్' 1973లో వచ్చింది. సినిమా అమెరికాలో విడుదలయ్యే నాటికి ఆయన లేడు, ఆ ఏడాది జులై 20న ముప్పై రెండేళ్లకే పోయాడు. హాలీవుడ్ డబ్బు, హాంకాంగ్‌లో షూటింగ్, గంటా నలభై నిమిషాల్లో ముగిసిపోతుంది. కథ మాత్రం ఒక దీవి, దాని మీద విలన్, రహస్యంగా వెళ్లిన హీరో. జేమ్స్ బాండ్ సినిమాల బాపతు. మొదటిసారి కుంగ్‌ఫూ సినిమా చూసేవాళ్లకు, సబ్‌టైటిల్స్ అంటే ముఖం చిట్లించేవాళ్లకు ఇదే సులువైన దారి.

కానీ పై రెండింటిలో ఉన్నది ఇందులో వెతకొద్దు. ఇక్కడ బ్రూస్ లీ ఎవరి దగ్గరా ఏమీ నేర్చుకోడు, అన్నీ వచ్చేసే వస్తాడు. పోరాటాలు పొట్టి పొట్టిగా ఉంటాయి. ఒక దెబ్బ, రెండో దెబ్బ, మనిషి నేల మీద. లౌ కార్ లియంగ్ పోరాటంలో ఇద్దరు మనుషులు ముప్పై, నలభై ఎత్తులు వేసుకుంటారు, కెమెరా దూరంగా నిలబడి అంతా చూపిస్తుంది. జాకీ అయితే స్టూలు, బెంచీ, కూజా ఏది దొరికితే దాన్ని వాడతాడు. బ్రూస్ లీ దగ్గర చూడాల్సింది వేగం, ఆ కళ్లు. ఆఖరి పోరాటం జరిగే అద్దాల గది గొప్పదే, కాదనను. మధ్యలో బ్రూస్ లీ కనిపించని ప్రతి పది నిమిషాలూ నాకు మాత్రం బరువుగానే గడుస్తాయి.

బ్రూస్ లీ బ్రూస్ లీగా కావాలంటే అంతకు ముందు ఏడాది, 1972లో వచ్చిన 'ఫిస్ట్ ఆఫ్ ఫ్యూరీ' చూడండి. షాంఘైలో గురువు చావుకు కారణమైనవాళ్ల మీద పగ తీర్చుకునే శిష్యుడి కథ. కోపం అంటే ఏమిటో అందులో ఉంది. ఆఖరి షాట్ గురించి ఎవరు చెప్పబోయినా చెవులు మూసుకోండి.

పిల్లలు పక్కనుంటే ఇంకో లెక్క. 'ఎంటర్ ది డ్రాగన్'లో మత్తుమందు వ్యవహారం, నగ్న దృశ్యాలు ఉన్నాయి, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు. 'డ్రంకెన్ మాస్టర్'లో హీరో గెలిచేదే తాగి. పదేళ్ల పిల్లాడు "నాన్నా, తాగితే బలం వస్తుందా?" అని అడిగితే జవాబు మీరే చెప్పుకోవాలి. 'ముప్పై ఆరో గది'లో మొదటి అరగంటలో చంపుకోవడాలు ఉన్నాయి, రక్తం ఎర్రరంగులా మెరిసిపోతుంది. అది దాటాక మఠం భాగం పిల్లలకు తెగ నచ్చుతుంది. మా ఇంట్లో మా అబ్బాయి చిన్నప్పుడు వారం రోజులు రెండు చేతుల్లో మగ్గులు పట్టుకుని బాత్‌రూమ్ నుంచి వంటింటి దాకా తిరిగాడు. నేల తుడవలేక చచ్చాం.

ఏ కాపీ, ఏ గొంతు

దీని మీద ఎవరూ పెద్దగా చెప్పరు గానీ, సినిమా నచ్చకపోవడానికి సగం కారణం చెడ్డ కాపీ. షా బ్రదర్స్ వాళ్లు వెడల్పు తెరకు తీశారు. పాత వీడియో కాపీల్లో బొమ్మ పక్కలు రెండూ నరికేశారు. మూడు ముక్కల కర్ర తిప్పుతుంటే మధ్య ముక్కే కనబడుతుంది, మిగతా రెండూ తెర అవతల ఉంటాయి. ఇక ఆ పోరాటంలో ఏం చూస్తాం? 2000 తర్వాత సెలెస్టియల్ పిక్చర్స్ అనే సంస్థ షా వాళ్ల పాత సినిమాల హక్కులు కొని శుభ్రం చేయించింది. ఆ కాపీ దొరికితేనే చూడండి. టీవీలో పైనా కిందా నల్ల పట్టీలు వస్తే సరైనదన్నమాట, జూమ్ చేసి వాటిని నింపేయకండి. కొత్త టీవీల్లో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, దాన్ని కూడా ఆపేయండి. అది ఉంటే గోర్డన్ లియూ సీరియల్లో నటిస్తున్నట్టుంటాడు.

ఇంగ్లీషు డబ్బింగా, చైనీస్ గొంతులు పెట్టుకుని సబ్‌టైటిల్సా అన్న పాత తగువుకు నా జవాబు వినండి. ఆ కాలంలో హాంకాంగ్‌లో మాటలు షూటింగ్‌లో రికార్డ్ చేసేవాళ్లు కాదు, తర్వాత వేరేగా చెప్పించేవాళ్లు. 'ముప్పై ఆరో గది' మాండరిన్‌లో వచ్చింది, 'డ్రంకెన్ మాస్టర్' కాంటనీస్‌లో. ఏ భాషలో పెట్టినా పెదవులు మాటలతో పూర్తిగా కలవవు. డబ్బింగ్ సినిమాలు చూస్తూ పెరిగిన మనకు అదొక పట్టింపే కాదు. నా మట్టుకు సాన్ తే కథకు మాండరిన్ పెడతాను, ఆ మఠం నిశ్శబ్దం ఇంగ్లీషు డబ్బింగ్‌లో చెడిపోతుంది. జాకీకి ఏదైనా పర్వాలేదు, మొహం చూస్తే చాలు.

ఒక సరదా సంగతి. 2004లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'కిల్ బిల్' రెండో భాగంలో తెల్లగడ్డం నిమురుతూ హీరోయిన్‌ను నానా హింసలు పెట్టే గురువున్నాడు చూడండి, ఆ పాయ్ మేయ్ మన గోర్డన్ లియూనే. ఒకప్పుడు తాను చేతులు బారచాచి నీళ్లు మోసినవాడు, పాతికేళ్ల తర్వాత ఆ అమ్మాయి చేత మోయించాడు. మా ఇంట్లో అత్తాకోడళ్ల మీద ఈ ఉదాహరణ చెప్పబోయి ఆగిపోయాను.

మా వాడి విషయానికొస్తే, ఆ రాత్రి నలుగురూ 'డ్రంకెన్ మాస్టర్' చూశారు. తర్వాత కారిడార్‌లో ఎనిమిదో దేవత నడక ప్రాక్టీస్ చేస్తుంటే వార్డెన్ వచ్చాడట. రెండు వారాల తర్వాత ఒక్కడే కూర్చుని 'ముప్పై ఆరో గది' కూడా చూశాడు. కళ్ల గది దాకా ఒక్క బిగిన చూశానని మెసేజ్ పెట్టాడు. "క్లైమాక్స్ మాత్రం తుస్సుమంది పెద్దనాన్నా. దీనికి రెండో భాగం ఉందట కదా, అందులోనైనా సరిగ్గా కొట్టుకుంటారా?"

1980లో వచ్చిన 'రిటర్న్ టు ది థర్టీ సిక్స్‌త్ ఛాంబర్' గురించి వాడడిగింది. పేరు చూసి కథ కొనసాగుతుందనుకుంటారు, కొనసాగదు. గోర్డన్ లియూ ఇందులో సాన్ తే కాదు, సాన్ తేనని చెప్పుకు తిరిగే దొంగ సన్యాసి. నిజం సాన్ తే వాడికి కుంగ్‌ఫూ నేర్పకుండా, మఠం మరమ్మతుల కోసం చుట్టూ వెదురు పరంజా కట్టమంటాడు. చాలాకాలం గడలు మోసి, ముడులు వేసి, ఆ పనిలోనే విద్య మొత్తం ఒంటికి పట్టించుకుంటాడు, అదీ తనకు తెలియకుండానే. పరంజా కట్టే తాపీ పనివాళ్లను చూసినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది. నవ్వు బాగా ఉంటుంది. ఇది మాత్రం నలుగురినీ పిలుచుకుని పెట్టుకోరా అన్నాను.